"దృశ్యం" మనల్ని మోసం చేసిందా? కథ తెలిసినవాడూ, కథ చెప్పేవాడూ

కృష్ణలంక కుర్రాడు | శనివారం రాత్రి 11:52

ఇవాళ టీవీలో "దృశ్యం" మళ్ళీ వేశారు. వెంకటేశ్‌ది, 2014. మా నాన్న ఇరవయ్యేళ్ళు కేబుల్ ఆపరేటరుగా చేశారు కాబట్టి, అదే పని చేసే హీరో రాంబాబుని దూరపు చుట్టంలాగా చూస్తారు. సినిమా అయిపోయాక మా ఇద్దరికీ గొడవ పడింది.

నా వాదన ఇది. కూతుర్ని బెదిరించిన కుర్రాడు వాళ్ళింట్లో చచ్చిపోయాక, ఆ శవాన్ని దాచడానికి ఏం చేశాడో రాంబాబుకి తెలుసు. సినిమా అతని వెనకే తిరిగింది. కారు నీళ్ళలో తోసెయ్యడం చూపించారు, ఫోను లారీలో పడెయ్యడం చూపించారు. శవాన్ని ఇంకోచోటికి మార్చింది మాత్రం నొక్కేసి చివరి రెండు నిమిషాల్లో తీశారు. తెలిసిన సంగతి తెలియనట్టు చెప్పడం మోసం కాదా? నాన్న మాత్రం "ఇంట్లోవాళ్ళకే చెప్పనివాడు నీకెందుకు చెప్తాడ్రా" అని లేచి వెళ్ళి పడుకున్నారు. నాకు నిద్ర రావట్లేదు.

నెరేటివ్ థియరీ (కథ చెప్పే తీరు మీద సిద్ధాంతం) చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. సినిమా చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, శవం ఎక్కడుందో కిందంతా రాసేస్తాం.

క్లాప్‌బోర్డ్ | ఆదివారం ఉదయం 12:20

తమ్ముడూ, మా కృష్ణానగర్‌లో నెరేషన్ అంటే థియరీ కాదు. హీరో గారి ఎదురుగా కూర్చుని రెండున్నర గంటలు కథ చెప్పడం. ఆయన ఊ కొడితే అడ్వాన్సు, కొట్టకపోతే టీ తాగి బయటికి రావడం.

నేనొకసారి ఒక థ్రిల్లర్ చెప్తూ, హంతకుడెవరో చివరిదాకా దాచి, ఎఫెక్టు కోసం గొంతు తగ్గించి మరీ చెబుతున్నా. నిర్మాత గారు ఇరవయ్యో నిమిషంలో ఆపి "బాబూ, నువ్వు సినిమా చూపించకు, అసలు కథేంటో చెప్పు" అన్నారు. నాకు ఆ రోజు అర్థం కాలేదు. నేను చెబుతున్నది కథే కదా! ఆయన అడిగేది ఇంకేదో కథ అన్నమాట. ఆ రెండిటికీ వేరువేరు పేర్లున్నాయని తరవాతెవరో చెప్పారు గానీ గుర్తులేదు.

తెలుగు మాస్టారు | ఆదివారం ఉదయం 6:05

ఉన్నాయి నాయనా. 1920ల రష్యన్ విమర్శకులు మీ నిర్మాత అడిగినదాన్ని ఫాబులా అన్నారు, మీరు చెబుతున్నదాన్ని సుజెత్ అన్నారు. జరిగింది జరిగిన వరసలో ఉంటే ఫాబులా. దాన్ని ఏ వరసలో, ఎంత విప్పి, ఎంత మూసి మన ముందు పెట్టారన్నది సుజెత్. మనవాళ్ళు ఎప్పుడో "కట్టె, కొట్టె, తెచ్చె" అన్నారు. అది రామాయణపు ఫాబులా. మిగతా ఇరవైనాలుగు వేల శ్లోకాలూ చెప్పిన తీరు.

ఇక కృష్ణలంక అబ్బాయి ప్రశ్న. ఫ్రెంచి పండితుడు జెరార్ జెనెట్ 1972లో ఒక మంచి చిక్కు విప్పాడు. కథ ఎవరు చెబుతున్నారు, కథను ఎవరి కంటితో చూస్తున్నాం, ఈ రెండూ వేరు ప్రశ్నలు అన్నాడు. ఒక పాత్ర కంటితో కథ నడుపుతూ, ఆ పాత్రకు తెలిసిన ముఖ్యమైన సంగతినే పాఠకుడికి దాచిపెడితే దానికి పారాలిప్సిస్ అని పేరు పెట్టాడు. అగాథా క్రిస్టీ 1926 నవల ఒకటి ఇందుకు ప్రసిద్ధం. పేరు చెబితే హంతకుణ్ణి చెప్పినట్టే, చెప్పను. అప్పట్లో కూడా కొందరు పాఠకులు మీలాగే "మోసం" అని కోప్పడ్డారు. కాబట్టి మీ కోపానికి వంశం ఉంది.

నేల టికెట్ | ఆదివారం ఉదయం 9:41

మాస్టారూ నమస్తే. గీ పేర్లన్నీ తెలిసినంక సినిమా ఇంకింత మంచిగ కనవడ్తదా ఏంది? రాంబాబు పెద్దగ చదువుకున్నోడు కాదు. సినిమాలు చూసుడే ఆయన చదువు. గాయనకు ఏ జెనెట్ చెప్పిండు?

మా హనుమకొండల థియేటర్ల చూసిన నేను. ఆఖరి సీనుల పక్కసీటాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టిండు. మోసపోయినోడు చప్పట్లు కొడ్తడా?

తెలుగు మాస్టారు | ఆదివారం ఉదయం 10:15

రాంబాబుకి ఎవరూ చెప్పలేదు, ఒప్పుకుంటాను. కానీ చనిపోయిన కుర్రాడి తల్లి, పోలీసు ఐ.జి. గీతకి అదే విద్య కావలసివచ్చింది, గమనించారా?

అతను చేసిన పని ఏమిటి? సాక్షులెవరిచేతా అబద్ధం చెప్పించలేదు. ఆ రోజు తామంతా ఊళ్ళో లేమని చూపించడానికి ఇంట్లోవాళ్ళతో ప్రయాణం నిజంగానే చేశాడు. బస్సు ఎక్కాడు, హోటల్లో తిన్నాడు, సినిమా చూశాడు. తరవాత మళ్ళీ వెళ్ళి ఆ మనుషులతో కబుర్లు చెబుతూ తేదీని మాత్రం వాళ్ళ బుర్రలో వెనక్కి జరిపాడు. కండక్టరు చెప్పేది వాళ్ళు బస్సెక్కారన్న నిజం, తప్పల్లా ఏ రోజు ఎక్కారన్నదే. అంటే సంఘటనలు ముట్టుకోలేదు, వరస ఒక్కటే మార్చాడు. జెనెట్ తన పుస్తకంలో మొట్టమొదట పట్టుకున్నదీ ఆ వరసనే. గీత కూడా చివరికి "ఇంతమంది ఇంత బాగా ఎలా గుర్తుపెట్టుకున్నారు" అన్న అనుమానంతో ఆ ముడి విప్పుతుంది. పోలీసుల్లో మంచి పాఠకురాలు ఆవిడొక్కతే.

నేల టికెట్ | ఆదివారం ఉదయం 10:32

అయితే థియరీ అంటే ఐ.జి. మేడమ్ అన్నట్టు. కథ ఎట్ల అల్లిండో మొత్తం కనిపెట్టింది. శవం మాత్రం దొర్కలే.

క్లాప్‌బోర్డ్ | ఆదివారం ఉదయం 10:34

అన్నా 😂 దీన్ని రాసిపెట్టుకుంటున్నా.

సీన్ పేపర్ | ఆదివారం మధ్యాహ్నం 2:10

నేను డైలీ సీరియల్‌కి రాస్తాను. ఏ సీరియలో అడక్కండి. ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పుకోను, ఇంట్లోవాళ్ళు కూడా బయట చెప్పుకోరు.

మీరంతా దాచడం గురించి మాట్లాడుతున్నారు. మా పని సరిగ్గా దానికి తిరగేసి. తొదొరోవ్ అనే ఆయన ఒక చిన్న లెక్క వేశాడు. కథ చెప్పేవాడికి పాత్రకంటే ఎక్కువ తెలుసా, సమానంగా తెలుసా, తక్కువ తెలుసా అని. ప్రేక్షకుల వైపు నుంచి ఆ లెక్క వేస్తే "దృశ్యం"లో మనకి హీరోకంటే తక్కువ తెలుసు. "కార్తీకదీపం"లో మనకి హీరోకంటే ఎక్కువ తెలుసు. దీప తప్పు చెయ్యలేదని ఊళ్ళో చిన్నపిల్లాడికి కూడా తెలుసు, కట్టుకున్న డాక్టరు బాబుకి తెలియదు. ఆ ఒక్క తేడా మీద ఆ సీరియల్ 2017 నుంచి 2023 దాకా, పదిహేను వందల పైచిలుకు ఎపిసోడ్లు నడిచింది. అదీ మలయాళం నుంచి వచ్చిన కథే. దాచేవాణ్ణీ దాచనివాణ్ణీ కూడా మనం అక్కడినుంచే తెచ్చుకున్నాం.

హిచ్‌కాక్ చెప్పిన బల్ల కింది బాంబు తెలుసు కదా. ప్రేక్షకుడికి చెప్పకుండా పేలిస్తే పదిహేను సెకన్ల ఉలికిపాటు. ముందే చూపించి, బల్ల దగ్గరవాళ్ళని కబుర్లాడనిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ. మేమేం చేస్తామంటే బాంబు చూపిస్తాం, ఆ బల్ల దగ్గర సత్యనారాయణ వ్రతం చేయిస్తాం, సీమంతం చేయిస్తాం, పండక్కి మహాసంగమం ఎపిసోడ్ చేయిస్తాం. పేల్చడం మా చేతిలో లేదు. గురువారం వచ్చే రేటింగు చేతిలో ఉంది. ట్రాక్ బాగా పోతుంటే ఛానెల్ నుంచి ఫోన్ వస్తుంది, "ఇంకొన్నాళ్ళు లాగండి" అని. నా సీరియల్లో ఇప్పుడు ఒక ఉత్తరం ఉంది. అత్తగారి బీరువాలో, పట్టుచీరల కింద. నాలుగు నెలలుగా అక్కడే ఉంది. తీసి చదివే సీను రెండుసార్లు రాశాను, రెండుసార్లూ పక్కన పెట్టించారు. ఒకసారి కోడలు బీరువా తలుపు తెరిచి, కరెంటు పోయి, మళ్ళీ మూసేసింది. రాసింది నేనే. తిట్టుకున్నదీ నేనే.

మమ్మల్ని సాగదీత అని ఎగతాళి చేస్తారు. నిజమే. కానీ సాగదీతకీ ఒక లెక్క ఉంది. జెనెట్ కాలం గురించి చెప్పినప్పుడు కథలో పట్టిన సమయం ఎంత, చెప్పడానికి పట్టిన సమయం ఎంత అని పోల్చమన్నాడు. పదేళ్ళు ఒక్క వాక్యంలో దాటెయ్యొచ్చు. ఒక్క క్షణాన్ని పది పేజీలు చెయ్యొచ్చు. చెంపదెబ్బకి అరసెకను పడుతుంది. మా దగ్గర గదిలో ఎంతమంది నిలబడి ఉంటే అన్ని మొహాల మీదికీ కెమెరా మూడేసిసార్లు వెళ్ళి వస్తుంది. అరసెకను కాస్తా బ్రేకు దాకా వస్తుంది.

డాలస్ వదిన | ఆదివారం రాత్రి 8:47

సీన్ పేపర్ గారూ, ఆ ఉత్తరం సీరియల్ ఏదో నాకు తెలిసిపోయింది. చెప్పను లెండి. 🙂

మా అత్తయ్య గారు ఇక్కడికి వచ్చి ఆరు నెలలు. రోజూ సీరియల్ చూస్తూ టీవీతో మాట్లాడతారు. "ఒసే పిచ్చిదానా, ఆవిణ్ణి నమ్మకే" అని గట్టిగా అరుస్తారు. మా పిల్లలకి మొదట భయమేసింది. మొన్న మూడు వారాలు కాలిఫోర్నియా మా ఆడపడుచు ఇంటికెళ్ళి ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు. తిరిగొచ్చి కూర్చుంటే రెండు నిమిషాల్లో అంతా అందేసింది. నేను నవ్వితే ఆవిడ ఒక మాటన్నారు: "ఏం జరిగిందో ఎవరిక్కావాలే, అది చెల్లెలికి తెలిసినప్పుడు దాని మొహం ఎలా పెట్టిందో అదీ నేను పోగొట్టుకుంది."

సీన్ పేపర్ | ఆదివారం రాత్రి 9:30

వదినగారూ, మీ అత్తయ్య గారికి నా దండాలు. అమెరికన్ సోప్ ఒపెరాల మీద పని చేసిన రాబర్ట్ అలెన్ చెప్పింది కూడా అచ్చం ఇదే. కొత్తగా చూసేవాడికి ఒకే కబురు నలుగురికి నాలుగుసార్లు చెబుతున్నట్టు ఉంటుంది, కథ కదల్లేదని విసుక్కుంటాడు. రోజూ చూసేవాళ్ళకి కబురు ముఖ్యం కాదు. ఎవరు ఎవరికి చెప్పారు, ఎవరి దగ్గర దాచారు, విన్నావిడ ఈ ఇంట్లో ఎవరికి ఏమవుతుంది, అదంతా కొత్త సమాచారమే. మన ఇళ్ళల్లో పెళ్ళి కబురు తిరిగినట్టు. కబురు ఒకటే, "నాకంటే ముందు దానికి చెప్పావా" అన్నదగ్గర అసలు కథ మొదలు.

క్లాప్‌బోర్డ్ | ఆదివారం రాత్రి 10:05

టీవీ అంటే సాగదీతేనా అక్కా? "అమృతం" మర్చిపోతే ఎలా? 2001 నుంచి 2007 దాకా వారం వారం ఒక కొత్త ప్లాను, ఎపిసోడ్ చివరికి మళ్ళీ అదే హోటలు, అదే అంజి, అదే ఓనరు. కథలో ఒక సమతూకం ఉంటుంది, అది చెడుతుంది, చివరికి కొత్త సమతూకం వస్తుందని తొదొరోవే అన్నాడంటారు కదా. అందులో కొత్తదేమీ రాకూడదు. అమృతరావు నిజంగా బాగుపడ్డాడంటే సీరియల్ అయిపోయినట్టే.

తెలుగు మాస్టారు | సోమవారం ఉదయం 5:50

నిన్న పొద్దుపోయాక మనవడి ఫోన్లో "దృశ్యం" మరోసారి చూశాను. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పిల్లలకి సంధులు చెప్పాను. సవర్ణదీర్ఘ సంధి కాదు, నాటక సంధులు. ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం. పరీక్షకి బట్టీ పట్టించడం తప్ప వాటిని ఒక సినిమా పక్కన పెట్టి చూపించాలని నాకు ఏనాడూ తోచలేదు, అది నా తప్పు.

పదో శతాబ్దంలో ధనంజయుడు దశరూపకంలో గర్భసంధిని ఇలా చెప్పాడు: "దృష్టనష్టస్య బీజస్య అన్వేషణం ముహుః". కనబడి మాయమైన బీజాన్ని మళ్ళీ మళ్ళీ వెతకడం. పోలీసులు పెరట్లో తవ్వే ఘట్టం తలుచుకోండి. శవం అక్కడే ఉందని చిన్నపిల్ల నోటి నుంచి వచ్చేసింది. మన గుండెలు జారాయి. తవ్వితే పశువు కళేబరం. మనం కళ్ళారా చూసింది మాయమైంది. ఇంతకంటే దృష్టనష్టం ఏముంటుంది?

మరొకటి. పతాకాస్థానకం అని ఒకటుంది. పాత్ర ఒక ఉద్దేశంతో అన్న మాట, రాబోయే లేదా దాగిన ఇంకో అర్థానికి తగులుతుంది. కొత్త స్టేషన్లో సంతకం పెట్టడానికి వచ్చిన రాంబాబు, పోలీసులే తనకు రక్షణ అన్న అర్థం వచ్చేలా మాట్లాడతాడు. ఎస్సైకి అది వినయం. ఆ శవం అతని కాళ్ళ కింద, ఆ స్టేషన్ నేలలోనే ఉందని తెలిశాక మనకు ఒళ్ళు జలదరిస్తుంది. సినిమా మొదలయ్యేది కూడా ఆ స్టేషన్లోనే. అంటే జవాబు మీద కూర్చున్న మనిషిని మొదటి దృశ్యంలోనే చూపించారు. దాచడం అంటే కనబడనివ్వకపోవడం ఒక్కటే కాదు. ఎదురుగా పెట్టి, అదేమిటో చెప్పకపోవడం కూడా.

దీన్ని మోసం అంటే పింగళి సూరననీ అనాలి. కళాపూర్ణోదయం కావ్యంలో కళాపూర్ణుడి పేరు మొదట్లోనే మన చెవిన వేసి, ఆ కథ చెప్పకూడదని ఊరించి, సగం కావ్యం దాటించాడు.

కృష్ణలంక కుర్రాడు | సోమవారం రాత్రి 9:15

మాస్టారూ, మీ పోస్టు చదివి నేనూ మళ్ళీ చూశా, ఈసారి కాగితం పెన్నూ పట్టుకుని. ప్రతి సీనుకీ ఒకటే రాసుకున్నా: ఈ క్షణంలో ఎవరికేం తెలుసు?

అప్పుడు దొరికింది. నేను రాంబాబు భుజం మీద కూర్చున్నాననుకున్నా. కాదు. నేను కూర్చుంది అతని భార్య జ్యోతి పక్కన. ఆవిడకి ఎంత తెలుసో నాకు దాదాపు అంతే తెలుసు. కారు, ఫోను సంగతులు నాకు కాస్త ఎక్కువ. శవం సంగతి మాత్రం ఇద్దరికీ ఒకేలాగ. తవ్వుతున్నప్పుడు కూతుళ్ళ మొహాలు, ఆవిడ మొహం, నా మొహం ఒకేలా ఉన్నాయి. ఆవిడ ఎక్కడ పెట్టావని అడిగినప్పుడు కూడా అతను చెప్పడు, మీకు తెలియకపోవడమే మంచిదంటాడు. సినిమా నాకు చెప్పకపోవడానికి కారణం కథలోనే ఉంది. తెలిస్తే పోలీసు దెబ్బలకి నోరు జారతాం, ఆవిడైనా నేనైనా.

చివరి రెండు నిమిషాల్లో ఏం జరిగిందంటే సినిమా జ్యోతిని ఇంట్లోనే వదిలేసి నన్ను ఒక్కణ్ణే స్టేషన్‌కి తీసుకెళ్ళింది. ఆవిడకి తెలియంది నాకు తెలిసింది. ఇప్పుడు రాంబాబు తరవాత ఆ గుట్టు తెలిసింది నాకే. మోసపోయినట్టు అనిపించడం కాదు, ఏదో మోపినట్టు అనిపించింది.

నాన్న అన్నది అదే కదా. నేను సినిమా గురించి మాట్లాడుతుంటే ఆయన ఇంటి గురించి మాట్లాడుతున్నారనుకున్నా.

నేల టికెట్ | సోమవారం రాత్రి 9:40

తమ్మీ, ఇది మంచిగ చెప్పినవ్. ఇప్పుడు నాదొక డౌటు. మరి కట్టప్ప సంగతేంది? మహేంద్ర బాహుబలికి కథ మొత్తం చెప్పింది కట్టప్పనే. బిజ్జలదేవుడు, భల్లాలదేవుడు తలుపులేసుకోని గుసగుసలు పెట్టిన సీన్లు గాయనకు ఎట్ల తెలుసు? మాహిష్మతిల సీసీ కెమెరాలున్నయా?

తెలుగు మాస్టారు | సోమవారం రాత్రి 9:58

భలే పట్టారు. అది పారాలిప్సిస్‌కి తోబుట్టువు, పారాలెప్సిస్. చెప్పేవాడికి తెలిసే వీల్లేనిది కూడా చెప్పెయ్యడం. ఒక అక్షరం తేడా, పని పూర్తిగా తలకిందులు. ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే తెర మీద ఒకసారి ఫ్లాష్‌బ్యాక్ మొదలయ్యాక చెప్పేవాణ్ణి మనం మర్చిపోతాం. నవలలో అయితే ప్రతి వాక్యంలోనూ "నేను" గుచ్చుకుంటుంది.

హరికథలో దాసుగారు కైకేయి అంతఃపురంలో మాటలు చెబుతుంటే "మీకెలా తెలుసు" అని ఎవరైనా అడిగారా?

క్లాప్‌బోర్డ్ | సోమవారం రాత్రి 10:30

కట్టప్ప విషయంలో అసలు మజా వేరే. 2015 జులైలో "నేనే చంపాను" అనిపించి వదిలేశారు, ఎందుకో 2017 ఏప్రిల్లో చెప్పారు. ఇరవైఒక్క నెలల ఇంటర్వెల్ అది. మాకు ఇంటర్వెల్ అంటే అంత ప్రాణం. అమెరికా స్క్రీన్‌ప్లే పుస్తకాల్లో మూడు అంకాలంటారు. ఇక్కడ సిట్టింగ్‌లో ఎవరూ అంకం అనరు. ఫస్టాఫ్, సెకండాఫ్, అంతే. "ఇంటర్వెల్ బ్యాంగ్ ఏంటి?" అన్న ప్రశ్నకి జవాబు లేకపోతే మిగతా కథ ఎంత బాగున్నా వినరు. సమోసా తింటూ జనం ఒక ప్రశ్న నమలాలి.

కానీ అన్నిసార్లూ చెల్లదు. "1 నేనొక్కడినే" చూడండి, 2014 సంక్రాంతి. హీరో కంటికి కనబడేదే నిజం కాకపోవచ్చని ముందే చెప్పారు. అయినా జనం తికమకపడ్డారు, అప్పుడు ఆడలేదు. ఇప్పుడు ఇళ్ళల్లో వెనక్కి తిప్పుకుంటూ చూసి మెచ్చుకుంటున్నారు. కృష్ణలంక తమ్ముడి లెక్కలో చెప్పాలంటే, "దృశ్యం"లో కూర్చోవడానికి జ్యోతి పక్కన చోటిచ్చారు. ఇందులో హీరో బుర్రలో తప్ప వేరే కుర్చీ లేదు, ఆ కుర్చీ కదులుతోంది.

డాలస్ వదిన | మంగళవారం ఉదయం 7:20

ఒక చిన్న సంగతి కలుపుతాను. "దృశ్యం" చైనా రీమేక్ 2019లో వచ్చింది. అందులో తండ్రి చివరికి వెళ్ళి లొంగిపోతాడు. కథ దాదాపు అదే, ముగింపు అటు తిరిగేసరికి సినిమా అంతా ఇంకో మనిషి గురించి అయిపోయింది. అత్తయ్యకి చెబితే "అంత కష్టపడి దాచి, వెళ్ళి చెప్పేశాడా? వాడికి ఇద్దరు ఆడపిల్లలు లేరూ?" అన్నారు.

సీన్ పేపర్ గారూ, ఆవిడ ఇంకోటి కూడా అడగమన్నారు. ఆ ఉత్తరం మామగారికైనా తెలుసా, లేక అత్తగారొక్కతికేనా?

సీన్ పేపర్ | బుధవారం రాత్రి 11:15

వదినగారూ, ఆ ప్రశ్న నేను నిన్నటినుంచీ మోస్తున్నాను. మామగారికి తెలుసనుకుని ఇంతవరకూ ఒక్క సీను కూడా రాయలేదు. ఆయనకి తెలిసి, తెలియనట్టు పేపరు చదువుకుంటున్నాడంటే ఈ నాలుగు నెలల కరెంటు పోవడాలూ బీరువా తలుపులూ అన్నీ వేరేగా కనిపిస్తాయి. ఆయన రియాక్షన్ షాట్లు పాతవి ఉన్నాయి, మొహంలో ఏమీ ఉండదు. అదే కావాలి నాకు. ఇవాళ డైరెక్టర్ గారికి చెప్తే ఒప్పుకున్నారు.

ఇంకో కబురు. ఉత్తరం తెరిచే సీను ఇవాళ మధ్యాహ్నం షూట్ అయిపోయింది.

కృష్ణలంక కుర్రాడు | బుధవారం రాత్రి 11:17

అక్కా! ఏముంది అందులో?

సీన్ పేపర్ | బుధవారం రాత్రి 11:20

సోమవారం చూడండి.

నేల టికెట్ | బుధవారం రాత్రి 11:21

ఏ సోమవారం?